సూర్యలంకలో తాళం వేసి ఉండే ఇంటికి ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: కాపురం గుంటూరులో. బాపట్ల సూర్యలంక బీచ్‌కి దగ్గర్లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. నెలకో రెండు నెలలకో పిల్లలతో వెళ్ళి రెండ్రోజులు ఉండి వస్తారు, మిగతా రోజులు తాళమే, ఆ ఊరాయన ఒకరు అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్తుంటారు. గుంటూరు ఇంటికి ఉన్న పాలసీ దీనికి కూడా పనికొస్తుందా, రాకపోతే ఏది తీసుకోవాలి, ఎంతకి తీసుకోవాలి అని.

సూటిగా చెప్పేస్తానండీ. గుంటూరు పాలసీ దీనికి పనికిరాదు. పాలసీ కాగితంలో ఏ అడ్రసు రాసి ఉంటే ఆ ఇంటికే కవర్, యజమాని ఒక్కరే అయినా సరే. సూర్యలంక ఇంటికి విడిగా భారత్ గృహ రక్ష (అగ్నిప్రమాదం, తుపాను, వరద లాంటి వాటికి ఇచ్చే ఇంటి పాలసీ) తీసుకోండి, బిల్డింగుకీ సామానుకీ కలిపి. దానితో పాటు దొంగతనానికి వేరే కవర్ తీసుకోవాలి, ఎందుకంటే గృహ రక్షలో మామూలు దొంగతనం రాదు. అన్నిటికంటే ముఖ్యమైనది: ఈ ఇల్లు ఎక్కువ రోజులు తాళం వేసి ఉంటుందని ప్రపోజల్ ఫారంలోనే రాసి ఇవ్వండి, కంపెనీ దానికి ఒప్పుకున్నట్టు పాలసీలోనో ఎండార్స్‌మెంట్‌లోనో (పాలసీకి జతచేసే సవరణ కాగితం) కనపడేలా చూసుకోండి. ఏ కంపెనీ, ప్రీమియం ఎంత అనేవి ఆ తర్వాత చూసుకోవచ్చు.

నేను విజయవాడలో ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. నష్టం జరిగాక ఇంటికొచ్చి చూసి, లెక్క కట్టి కంపెనీకి రిపోర్టు ఇచ్చే పని. పాలసీలు అమ్మను కాబట్టి ఏ కంపెనీ మంచిదో పేరు పెట్టి చెప్పను. కానీ క్లెయిమ్ ఎక్కడ చిక్కుకుంటుందో రోజూ చూస్తుంటాను, తాళం వేసిన ఇళ్ళ క్లెయిములు మామూలు ఇళ్ళ కంటే చాలా ఎక్కువగా చిక్కుకుంటాయి. ఆ బాధ మీకు వద్దనే ఇంత వివరంగా రాస్తున్నాను.

తాళం సంగతి ఎందుకంత ముఖ్యం

మన దగ్గర దొంగతనం పాలసీల్లో ఎక్కువగా కనిపించే షరతు ఒకటుంది. ఇల్లు వరసగా 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే, ముందుగా కంపెనీకి చెప్పి ఒప్పించుకోకపోతే, కవర్ వర్తించదు. పాత ఫైర్ పాలసీలో కూడా ఇదే 30 రోజుల షరతు ఉండేది. కొన్ని కంపెనీలు దీన్ని 60 రోజులు చేస్తాయి, కొన్ని కాస్త ప్రీమియం పెంచి పూర్తిగా తీసేస్తాయి. మీరు నెలకో రెండు నెలలకో వెళ్తామంటున్నారు కాబట్టి సరిగ్గా ఆ గీత మీద నిలబడి ఉన్నారు. ఏజెంట్ ఫారం నింపేటప్పుడు "సొంత నివాసం" దగ్గర టిక్కు పెట్టేసి సంతకం పెట్టమంటాడు. అతనికి వేరే ఉద్దేశం ఉండకపోవచ్చు, అదే అలవాటు. కానీ రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు కరెంటు బిల్లులు తెమ్మంటాం, వాటిలో నాలుగు నెలల పాటు మినిమం ఛార్జీ తప్ప ఏమీ ఉండదు. అక్కడితో ఆ టిక్కు అబద్ధమవుతుంది, అసలు నష్టం నిజమే అయినా.

ఒక కేసు చెప్తాను, ఊరు చెప్పను. బీచ్ వైపు ఇల్లే. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లలోని రాగి గొట్టాలు, బోరు మోటారు, బాత్రూముల్లోని కుళాయిలన్నీ పట్టుకుపోయారు. వంటింటి వెనక కిటికీ గ్రిల్లు రెండు చువ్వలు కోసి లోపలికి దూరారు. యజమాని "మొన్న శనివారం వచ్చినప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి, ఈ వారంలోనే జరిగింది" అన్నారు. నేను గ్రిల్లు దగ్గరికి వెళ్ళి చూస్తే, చువ్వ కోసిన చోట ఇనుము మెరవట్లేదు, ముదురు గోధుమ రంగులో పొరలు పొరలుగా తుప్పు పట్టి ఉంది, ఆ రెండు మొనల మధ్య సాలీడు గూడు కూడా కట్టింది. ఉప్పుగాలి తొందరగానే తుప్పు పట్టిస్తుంది, అయినా వారంలో అంత పట్టదు. తర్వాత ఆయనే ఒప్పుకున్నారు, వచ్చి రెండు నెలలు దాటిందని. దొంగతనం నిజం, నష్టం నిజం, కానీ ఖాళీ ఇంటి షరతు దాటిపోయింది, పైగా తేదీ తప్పు చెప్పారు. క్లెయిమ్ పోయింది. ఫారంలో ముందే "సెలవుల ఇల్లు, నెలల తరబడి తాళం" అని రాసుంటే, నాలుగు వందలో ఐదు వందలో ఎక్కువ ప్రీమియం కట్టించుకుని ఆ కంపెనీయే కవర్ ఇచ్చి ఉండేది.

మీ విషయంలో ఇంకోటి ఉంది. చూసి వెళ్ళే ఆయన దగ్గర తాళంచెవి ఉందా? దొంగతనం పాలసీలు చాలావరకు బలవంతంగా లోపలికి దూరిన ఆనవాలు అడుగుతాయి, అంటే తలుపో తాళమో గ్రిల్లో విరిగి ఉండాలి. పనివాళ్ళో, తాళంచెవి ఉన్నవాళ్ళో తీసుకెళ్తే చాలా పాలసీల్లో రాదు. ఆయన మీద అనుమానం పెట్టుకోమని నేను అనట్లేదు. బయట గేటు తాళం ఆయనకిచ్చి, లోపలి గదుల తాళాలు మీ దగ్గర పెట్టుకోండి. వచ్చిన ప్రతిసారీ ఇంటి ముందు నిలబడి ఫోన్లో ఒక ఫొటో తీసి పంపమని చెప్పండి. ఆ వాట్సాప్ ఫొటోల తేదీలే రేపు మీకు సాక్ష్యం. ఎవరో ఒకరు క్రమం తప్పకుండా చూస్తున్నారని తేలితే కంపెనీ చూసే చూపే మారుతుంది.

గృహ రక్షలో ఏం వస్తుంది

ఇది ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేసిన స్టాండర్డ్ పాలసీ. మూల నిబంధనలు అన్ని కంపెనీల దగ్గరా ఒకటే, అందుకే కంపెనీ గురించి మరీ బుర్ర బద్దలు కొట్టుకోవద్దంటున్నాను. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుపాను, ఉప్పెన, వరద, కొండచరియలు, అల్లర్లు, వాహనం వచ్చి గుద్దడం, నీళ్ళ ట్యాంకు పగిలి పొంగడం ఇవన్నీ ఉంటాయి. వరదకి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. శిథిలాలు తీయించడానికి క్లెయిమ్‌లో 2 శాతం దాకా, ఇంజనీరు ఫీజుకి 5 శాతం దాకా ఇస్తారు. ప్రహరీ, గేటు, సెప్టిక్ ట్యాంకు, సోలార్ ప్యానెళ్ళు కూడా ఇంటి కిందకే వస్తాయి, కాకపోతే విలువ కట్టేటప్పుడు వాటిని కలిపారో లేదో చూసుకోవాలి. బీచ్ ఇళ్ళలో గాలికి ముందు పడేది ప్రహరీయే.

బాపట్ల తీరం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2010లో లైలా, 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం, రెండూ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. కాబట్టి తుపాను కవర్ మీకు అసలు అవసరం. తుపాను హెచ్చరిక వచ్చాక పాలసీ అడిగితే చాలా కంపెనీలు ఇవ్వవు, అక్టోబరు రాకముందే తీసుకోండి.

ఏం రాదు, ముఖ్యంగా సముద్రం పక్కన

ఇది చాలామందికి తెలియదు, ఏజెంట్లూ చెప్పరు. సముద్రపు కోత, నది కోత కవర్ కావు. తుపాను రోజు ఉప్పెన వచ్చి గోడ కూలితే వస్తుంది. ఏళ్ళ తరబడి అల తినేస్తూ తినేస్తూ పునాది బయటపడి పిట్టగోడ ఒరిగితే రాదు. కృష్ణ ఒడ్డున కరకట్ట లోపలివైపు ఇల్లు కట్టుకున్నవాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది. అలాగే మెరక తోలి కట్టిన స్థలంలో నేల దిగి గోడలు బీటలిస్తే రాదు. సూర్యలంక వైపు ఇసుక నేల, మెరక తోలకుండా కట్టిన ఇల్లు తక్కువ, అందుకని ఇల్లు కొత్తగా ఉన్నప్పుడే, పాలసీ తీసుకున్న వారంలోనే, గోడలన్నీ లోపలా బయటా ఫొటోలు తీసి పెట్టుకోండి. రేపు తుపానుకి బీట పడిందని మీరంటే, అది ముందునుంచీ ఉన్న బీట అని మేము అనడానికి వీల్లేకుండా.

తుప్పు, చెమ్మ, చెద, శ్లాబు కారడం ఇవన్నీ అరుగుదల కింద పోతాయి. మోటారో ఏసీయో షార్ట్ సర్క్యూట్ అయ్యి కాలిపోతే ఆ వస్తువుకి రాదు, దాని నుంచి మంట లేచి గది కాలితే గదికి వస్తుంది. రేకుల షెడ్డు విషయంలో నాతో వాదన పెట్టుకున్నవాళ్ళు చాలామంది. గాలికి ఎగిరిన రేకుకి డబ్బు వస్తుంది, కానీ మేకు చుట్టూ రేకు తుప్పు తిని చిల్లు పెద్దదై అప్పటికే వదులైపోయి ఉంటే అరుగుదల కింద కొంత కోస్తాం. ఏడాదికోసారి మేకులు బిగించి పెయింటు వేయించినవాళ్ళకి ఆ కోత ఉండదు, మేస్త్రీ చేతి బిల్లు ఒకటి దాచుకుంటే చాలు.

దొంగతనం గురించి ముందే చెప్పాను. గృహ రక్షలో దొంగతనం ఒక్క సందర్భంలోనే వస్తుంది. తుపానో అగ్నిప్రమాదమో జరిగాక 7 రోజుల లోపు ఎవరైనా సామాను ఎత్తుకెళ్తే. తలుపులు పగిలిపోయిన ఇంటికి మీరు పది రోజుల తర్వాత వెళ్తే, ఏడు రోజుల లోపే పోయిందని ఎలా చూపిస్తారు? అందుకే తుపాను దాటిన మర్నాడో ఆ మర్నాడో మనిషిని పంపించి ఫొటోలు తీయించండి.

ఎంతకి తీసుకోవాలి

స్థలం విలువ కలపకండి. సెంటు ఎంత పలుకుతుందో ఇన్సూరెన్స్‌కి అనవసరం, నేల ఎక్కడికీ పోదు. ఇదే ఇల్లు ఈరోజు మళ్ళీ కట్టాలంటే ఎంతవుతుందో అంతే. కార్పెట్ ఏరియా 1,200 చదరపు అడుగులు అనుకోండి, మీ మేస్త్రీయో ఇంజనీరో ఇప్పటి రేటు అడుగుకి 2,200 అంటే, 26 లక్షల 40 వేలు. దాని మీద ప్రహరీ, గేటు, బోరు, సెప్టిక్ ట్యాంకు, సోలార్ ఉంటే అవీ. బీచ్ వైపు మెటీరియల్ తోలించే ఖర్చు గుంటూరులో కంటే ఎక్కువ పడుతుంది, అది మర్చిపోతారు. మీరు కట్టి రెండు మూడేళ్ళయితే అప్పటి బిల్లుల మొత్తం వేయకండి, ఇప్పటి రేటు వేయండి. పదేళ్ళ దాకా ఒకేసారి పాలసీ ఇస్తారు, ఏటా 10 శాతం చొప్పున విలువ దానంతటదే పెరిగే ఏర్పాటు కూడా ఉంది, కాబట్టి మూడేళ్ళకో ఐదేళ్ళకో తీసుకుంటే రెన్యువల్ మర్చిపోయే టెన్షన్ ఉండదు. రెండో ఇంటి రెన్యువల్ మర్చిపోవడం చాలా మామూలు.

బిల్డింగు, సామాను రెండూ తీసుకుంటే సామానుకి బిల్డింగు విలువలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా లిస్టు ఇవ్వకుండానే వస్తుంది. సెలవుల ఇంటికి అది చాలావరకు సరిపోతుంది. బంగారం, ఖరీదైన వస్తువులు అక్కడ పెట్టకండి, వాటికి కవర్ కోసం తిప్పలు పడకండి.

గృహ రక్షలో తక్కువ విలువకి తీసుకున్నారని క్లెయిమ్‌లో కోత వేయరు, నష్టం ఎంతయితే అంత, మీరు తీసుకున్న మొత్తం దాకా ఇస్తారు. ఇది చాలా మంచి మార్పు. కానీ దొంగతనం పాలసీలో ఆ కోత ఇంకా ఉంటుంది. ఇంట్లో 8 లక్షల సామాను పెట్టి 4 లక్షలకే తీసుకుని ఉంటే, 2 లక్షల సరుకు పోయినప్పుడు చేతికొచ్చేది లక్షే. అక్కడ మాత్రం పూర్తి విలువకి తీసుకోండి.

ప్రీమియం గురించి ఒక్క మాట: ఈ సైజు ఇంటికి ఏడాదికి కొన్ని వేలకి మించదు, జీఎస్టీతో కలిపినా. వెబ్‌సైట్లలో ఐదు వందలు తక్కువ చూపించిన చోటికి పరిగెత్తకుండా, ఖాళీ ఇంటి షరతు మీద ఎవరు రాసిస్తారో వాళ్ళ దగ్గర తీసుకోండి.

అద్దెకిచ్చే ఆలోచన ఉంటే

మీరు ప్రశ్నలో అనలేదు కానీ, బీచ్ ఇళ్ళున్న వాళ్ళందరూ ఏదో ఒక రోజు వీకెండ్‌కి రోజువారీ అద్దెకిద్దామనుకుంటారు. ఇవ్వండి, కానీ ఇచ్చే ముందు కంపెనీకి చెప్పండి. గృహ రక్ష నివాసానికి. యాప్‌లో పెట్టి రోజుకింతని అద్దెకిస్తే అది వ్యాపారం. అప్పుడు 5 కోట్ల లోపు ఆస్తులున్న చిన్న వ్యాపారాలకి వర్తించే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష లాంటిది కావాలి, దానితో పాటు అతిథికి ఏదైనా జరిగితే ఆదుకునే పబ్లిక్ లయబిలిటీ కవర్ కూడా. అద్దెకొచ్చిన వాళ్ళు మేడ మీద మంట పెట్టుకుని గది అంటుకుందనుకోండి, ఇల్లు మా సొంత వాడకానికే అని ఫారంలో ఉంటే మీరు మాట్లాడటానికి ఏమీ మిగలదు.

బ్యాంకు లోను ఉంటే

లోనుతో కట్టి ఉంటే బ్యాంకు ఇప్పటికే ఏదో ఒక పాలసీ చేయించి ఉంటుంది. ఆ కాగితం తెప్పించుకుని చదవండి. ఒక్కోసారి అది ఇంటి మీద కాదు, మీ ప్రాణం మీద. మీకేమైనా అయితే లోను తీరుతుంది, ఇల్లు కూలితే ఏమీ రాదు. ఒక్కోసారి ఇంటి మీదే ఉంటుంది కానీ లోను మొత్తానికే, సామాను ఊసే ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల మునిగినప్పుడు కింది అంతస్తుల్లో నేను చూసినది ఎక్కువగా ఇదే. గోడలకి పాలసీ ఉంది, నీళ్ళు నాలుగైదు అడుగులు నిలిచినా గోడలు నిలబడ్డాయి, పోయినవన్నీ ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచాలు, బీరువాలో బట్టలు. వాటికి పాలసీ లేదు.

నష్టం జరిగాక

ఆ వరద తర్వాత ఇంకోటి చూశాను. బురద వాసన భరించలేక, సర్వేయర్ వచ్చేలోపే పాడైన సామానంతా మునిసిపాలిటీ ట్రాక్టరుకి ఎక్కించేశారు చాలామంది. వాళ్ళని తప్పుపట్టలేను, పిల్లలున్న ఇళ్ళు. కానీ క్లెయిమ్ ఉంటే కనీసం ఇంత చేయండి. గోడ మీద బురద గీత ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి ఫొటో తీయండి, గడియారమో స్విచ్చుబోర్డో కనపడేలా. ప్రతి వస్తువూ ఉన్నచోటే ఒక ఫొటో, తర్వాత దాని వెనకో లోపలో ఉండే మోడల్, సీరియల్ నంబరు స్టిక్కరు దగ్గరగా ఒక ఫొటో. ఫ్రిజ్ పారేసినా ఆ స్టిక్కరు ఫొటో ఉంటే నేను దాని వయసు, ధర లెక్కకట్టగలను. కంపెనీకి ఫోన్ చేసి ఊరుకోవద్దు, మెయిల్ కూడా పంపి, వాళ్ళిచ్చే క్లెయిమ్ నంబరు దాచుకోండి. దొంగతనమైతే తెలిసిన రోజే పోలీసు స్టేషనుకి వెళ్ళి ఎఫ్‌ఐఆర్ చేయించండి, చివరిసారి ఇల్లు ఎప్పుడు చూశారో నిజం చెప్పండి, అందరికీ ఒకే తేదీ చెప్పండి.

క్లెయిమ్ తిరగ్గొట్టారనో మరీ తక్కువ ఇచ్చారనో అనిపిస్తే ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (పాలసీదారుల ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్ళొచ్చు. మన ఆంధ్రకి ఆఫీసు హైదరాబాదులో ఉంది, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాది లోపు వెళ్ళాలి. సర్వేయర్ రిపోర్టు కాపీ అడిగి తీసుకునే హక్కు మీకుంది, ఫిర్యాదు రాసేముందు అది తెప్పించుకుని చదవండి, ఎక్కడ కోశారో అంకెలతో సహా అందులోనే ఉంటుంది.

మీ పాలసీ వర్డింగ్ పీడీఎఫ్ చేతికొచ్చాక అందులో ఖాళీ ఇంటి షరతున్న పేరా ఇక్కడ పెట్టండి, చదివి మీకు వర్తిస్తుందో లేదో చెప్తాను. పాలసీ నంబరు, డోర్ నంబరు మాత్రం చెరిపేసి పెట్టండి.